వెనక బ్రేక్ కథ: ఖమ్మం నుంచి భద్రాద్రి అడవి దాకా

ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. కారులో వెళ్తే అదంతా ఒకటే రోడ్డు. బైక్ మీద మాత్రం కాదు. వైరా, తల్లాడ దాకా పొలాల మధ్య తారు రోడ్డు. ఏన్కూరు, జూలూరుపాడు దాటుతుంటే చెట్లు దగ్గరకొస్తాయి. కొత్తగూడెంలో బొగ్గు పొడి, పాల్వంచలో బూడిద ట్యాంకర్లు, సారపాక దగ్గర కర్ర లారీలు, గోదావరి ఒడ్డున ఇసుక. భద్రాచలం దాటి చింతూరు వైపు పోతే అడవి, వాగులు, ఆ పైన ఘాట్. ఒక్క రోజు ప్రయాణంలో టైరు కింద నేల అరడజను సార్లు మారిపోతుంది.

నేల మారిన ప్రతిసారీ బ్రేక్ లెక్క కూడా మారుతుంది. ముఖ్యంగా వెనక బ్రేక్ లెక్క. కుడి కాలి కింద ఉండే ఆ చిన్న పెడల్ గురించి మనం పెద్దగా మాట్లాడుకోం. ఇంజిన్ ఎన్ని సీసీ, మైలేజ్ ఎంత, సైలెన్సర్ సౌండ్ ఎలా ఉంది... ఇవే మాటలు. మాది ఖమ్మం, ఉద్యోగం హైదరాబాద్‌లో. లాంగ్ వీకెండ్ దొరికితే ఈ దారినే బండి తీస్తాను. ఈ రోడ్డు మీద తిరిగే కొద్దీ ఆ పెడల్ మీద గౌరవం పెరుగుతూ వచ్చింది.

రెండు సలహాలు, రెండూ సగమే

మన ఇళ్లలో బండి నేర్పేటప్పుడు వినిపించే మొదటి హెచ్చరిక: "ముందు బ్రేక్ జోలికి పోకు, పల్టీ కొడతావ్." నాన్నో, బాబాయో, పక్కింటి అన్నో ఈ మాట చెప్పే ఉంటారు. దాంతో చాలామంది జీవితమంతా కాలితోనే బండి ఆపుతారు. కాలేజీకొచ్చి యూట్యూబ్ చూడటం మొదలెట్టాక రెండో సలహా దొరుకుతుంది: "బండిని ఆపేది ముందు బ్రేకే, వెనకది దండగ."

రెండూ సగం నిజాలే. ఏ సగం ఎక్కడ పనికొస్తుందో తెలియకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఇది ఊరికే అంటున్న మాట కాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 44.5 శాతం టూవీలర్ల మీద ఉన్నవాళ్లే. అందరూ బ్రేక్ తప్పుగా వేసినందుకే పోయారని కాదు. కానీ ఎదురుగా ఏదైనా వచ్చినప్పుడు మన చేతిలో, కాలిలో మిగిలేది ఆ రెండు బ్రేకులే కదా.

ఈ విషయం మీద ఒక పాత పరిశోధన ఉంది. అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను దగ్గరగా చూసి, 1981లో రిపోర్ట్ ఇచ్చింది. అందులో తేలిన ఒక విషయం మన వీధుల్లోనూ కనిపించేదే. ప్రమాదం ఎదురైన క్షణంలో చాలామంది వెనక బ్రేక్‌ను అతిగా తొక్కి చక్రాన్ని జారనిచ్చారు, ముందు బ్రేక్‌ను మాత్రం చాలినంతగా వాడలేదు. మన బాబాయిలు చెప్పిన పాఠమే అక్కడివాళ్లూ నేర్చుకున్నారన్నమాట.

వైరా, తల్లాడ: పొడి తారు మీద లెక్క

మొదట పొడి రోడ్డు సంగతి చూద్దాం. బ్రేక్ వేయగానే బండి ముందుకు ఒరుగుతుంది, ముందు ఫోర్క్ దిగుతుంది. అంటే బరువు వెనక టైరు మీద నుంచి ముందు టైరు మీదకి వెళ్లిపోతోంది. టైరు మీద ఎంత బరువుంటే రోడ్డును అంత గట్టిగా పట్టుకుంటుంది. బరువు తగ్గిన టైరుకు పట్టు కూడా తగ్గుతుంది.

ఒక మామూలు కమ్యూటర్ బైక్ తీసుకుందాం. మనం కూర్చుంటే ముందు 50, వెనక 50 శాతం బరువు అనుకోండి. బరువు కేంద్రం ఎత్తు, రెండు చక్రాల మధ్య దూరంలో దాదాపు సగం ఉంటుంది. పొడి తారు మీద రెండు బ్రేకులూ గట్టిగా, పద్ధతిగా వేస్తే ముందు టైరు మీద 85, వెనక టైరు మీద 15 శాతం బరువు మిగులుతుంది. ఆ 15 శాతంతో వెనక చక్రం చేయగలిగే పని తక్కువే. ఇంకొంచెం గట్టిగా తొక్కితే లాక్ అయిపోతుంది, తోక ఊపుతుంది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళ్తాం. చూసి, అర్థమై, బ్రేక్ దాకా చెయ్యి వెళ్లేసరికి ఒక సెకను. అంటే 17 మీటర్లు అక్కడే పోయాయి. ఆ తర్వాత రెండు బ్రేకులూ సరిగ్గా వేస్తే ఇంకో 20 మీటర్లలో బండి ఆగొచ్చు. కాలితో మాత్రమే ఆపుదామంటే ఆ 20 కాస్తా 40 అవుతుంది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. గొర్రెల మంద 40 మీటర్ల దూరంలో రోడ్డెక్కిందంటే, ఒకాయన మందకు ముందే ఆగుతాడు, ఇంకొకాయన మంద మధ్యలో ఉంటాడు.

కాబట్టి ఈ భాగంలో యూట్యూబ్ మాటే రైటు. ముందు బ్రేక్ వాడాలి. అయితే లివర్‌ను ఒక్కసారిగా పిండకూడదు. ముందు కొంచెం నొక్కి, బరువు ముందు టైరు మీదకి వచ్చాక గట్టిగా నొక్కాలి. బాబాయి చెప్పిన పల్టీ నిజమే, కానీ అది ఒక్కసారిగా పిండేవాళ్లకు, హ్యాండిల్ తిప్పి ఉండగా పిండేవాళ్లకు.

ఇదే దారిలో ఒక తేడా కూడా వస్తుంది. ఎండాకాలంలో ఖమ్మం పల్లెల్లో రోడ్డు పక్కనే ధాన్యం, మొక్కజొన్న ఆరబోస్తారు. వడ్ల గింజల మీద టైరు పడితే గోలీల మీద పడినట్టే. అక్కడ బ్రేక్ వేయడం కాదు, అక్కడికి చేరకముందే వేగం తగ్గించుకోవడం పని.

కొత్తగూడెం, పాల్వంచ, సారపాక: జారే నేల

కొత్తగూడెం సింగరేణి ఊరు. బొగ్గు తవ్వకం మొదలైంది పక్కనున్న ఇల్లందు దగ్గర, 1889లో. ఇప్పటికీ ఈ చుట్టుపక్కల రోడ్లు బొగ్గు లారీలవే. పాల్వంచలో థర్మల్ పవర్ స్టేషన్, సారపాకలో పేపర్ మిల్లు. లారీ పోయిన దారిలో ఏదో ఒకటి రాలుతూనే ఉంటుంది: బొగ్గు పొడి, బూడిద, బెరడు ముక్కలు, ఇసుక, డీజిల్ చుక్కలు. ఎండలో ఇవేవీ పట్టించుకోం. మొదటి చినుకులు పడ్డ పది, పదిహేను నిమిషాలు మాత్రం రోడ్డంతా నల్లటి పల్చటి పేస్ట్ పూసినట్టుంటుంది. గట్టి వాన పడి కడిగేదాకా అదే పరిస్థితి.

ఇక్కడ లెక్క తిరగబడుతుంది. రోడ్డు జారుతున్నప్పుడు గట్టిగా బ్రేక్ వేయలేం. గట్టిగా వేయలేనప్పుడు బరువు కూడా అంతగా ముందుకు పోదు. ఇందాకటి బండినే చూడండి. జారే నేల మీద మెల్లగా ఆపుతుంటే ముందు 65, వెనక 35 శాతం బరువు ఉంటుంది. పొడి రోడ్డు మీద 15 ఉన్న వెనక వాటా రెట్టింపు దాటింది. వెనక ఒక మనిషి కూర్చుంటే ఆ వాటా 45 దాకా వెళ్తుంది. అంటే వాననీళ్ల మీద, ఇసుక మీద, మట్టి మీద వెనక బ్రేక్ దండగ కాదు. బండిని ఆపే పనిలో దాదాపు సగం దానిదే.

ఇంకో కారణం కూడా ఉంది, అది ఇంకా ముఖ్యం. వెనక చక్రం జారితే సర్దుకోవడానికి టైముంటుంది. తోక అటూ ఇటూ ఊగుతుంది, కాలు వదిలితే మళ్లీ దారిలోకొస్తుంది. ముందు చక్రం జారితే చాలాసార్లు అరసెకనులో మనం కింద ఉంటాం. అందుకే అడవి ఊళ్లవాళ్లు ఎర్రమట్టి దారి రాగానే వేళ్లు లివర్ మీద తేలిగ్గా ఉంచి, పాదంతో పని మొదలెడతారు. వాళ్లకి ఈ శాతాలు ఎవరూ చెప్పలేదు. వానాకాలాలే చెప్పాయి.

పాల్వంచ నుంచి కిన్నెరసాని వైపు తిరిగితే ఇది స్పష్టంగా తెలుస్తుంది. కిన్నెరసాని అభయారణ్యం 635 చదరపు కిలోమీటర్లు. దుప్పులు, అడవి పందులు రోడ్డు దాటే చోటు. ఎండాకాలం మొదట్లో టేకాకు రాలి రోడ్డు అంచులు కప్పేస్తుంది. ఇప్పపూల కాలంలో తెల్లవారుజామునే బుట్టలు పట్టుకుని ఆడవాళ్లు, పిల్లలు రోడ్డు పక్కనే ఉంటారు. మలుపు అవతల ఎవరున్నారో కనపడదు. మలుపులో ఉండగా ముందు బ్రేక్ గట్టిగా పడితే బండి నిటారుగా లేచి, మలుపు వదిలేసి నేరుగా పోతుంది. అదే కాలితో మెత్తగా ఒత్తితే బండి ఒరిగినట్టే ఉండి, వేగం తగ్గి, మలుపు లోపలివైపుకి సర్దుకుంటుంది. అయితే అది మెత్తగా ఒత్తినప్పుడే. అందుకే అసలు బ్రేకింగ్ అంతా మలుపుకి ముందే అయిపోవాలి. మలుపులో పాదం పని చిన్న దిద్దుబాటు మాత్రమే.

మెకానిక్ చెప్పిన మాట

కొత్తగూడెం బస్టాండ్ దగ్గర్లో ఒక మెకానిక్ అన్న దగ్గర చెయిన్ టైట్ చేయించుకుంటూ బ్రేకుల సంగతి ఎత్తాను. ఆయన నవ్వి, "తమ్ముడూ, బ్రేక్ పట్టట్లేదని అందరూ వస్తరు. రోడ్డును పట్టుకునేది బ్రేక్ కాదు, టైరు. అరిగిన టైరుకు ఎంత మంచి బ్రేక్ పెట్టినా జారుడే" అన్నాడు.

ఆయన దగ్గరికొచ్చే బళ్లలో ఎక్కువ 100, 125 సీసీ బళ్లే. వాటిలో చాలావాటికి వెనక డ్రమ్ బ్రేక్. పెడల్ మరీ ఎక్కువ దూరం ఊరికే కిందకి పోతుంటే లోపల షూ అరిగిందనో, రాడ్ నట్టు బిగించాలనో అర్థం. చాలా బళ్లకు డ్రమ్ పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది. పెడల్ తొక్కినప్పుడు ఆ బాణం గీత దాటితే షూ మార్చాల్సిందే. అది చూసుకోవడానికి పైసా ఖర్చు లేదు, పది సెకన్లు చాలు. "బ్రేక్ లైట్ కూడా చూపించు అన్నా" అంటే, "అదే సగంమంది చూసుకోరు" అన్నాడు. పాదం కాస్త ఆనగానే వెలిగే ఆ ఎర్ర లైటే వెనకొచ్చే లారీ డ్రైవర్‌కి మన మాట చెప్పేది.

మీ బండి ఏ రకమో తెలుసుకోవడం కూడా అవసరమే. 2018 ఏప్రిల్ 1 నుంచి కొత్త మోడళ్లకు, 2019 ఏప్రిల్ 1 నుంచి అన్ని మోడళ్లకు మన దేశంలో నియమం మారింది. 125 సీసీ దాటితే ఏబీఎస్ తప్పనిసరి. 125 సీసీ, అంతకన్నా తక్కువైతే ఏబీఎస్ గానీ సీబీఎస్ గానీ ఉండాలని అప్పటి నియమం. సీబీఎస్ బైక్‌లో కాలి పెడల్ తొక్కితే వెనక చక్రంతో పాటు ముందు చక్రానికీ కొంత బ్రేక్ పడుతుంది. కాలితోనే ఆపే అలవాటున్న మన జనానికి అది మంచిదే. కానీ బురదలో "నేను వెనకదే వాడుతున్నా" అనుకుంటే కుదరదు, ముందుది కూడా కొంచెం పడుతోందని గుర్తుండాలి.

ఇక సింగిల్ ఛానల్ ఏబీఎస్ అంటే సాధారణంగా ముందు చక్రానికే. వెనక చక్రం లాక్ అవుతుంది, జారుతుంది. "నా బండికి ఏబీఎస్ ఉందిగా" అని పెడల్ మీద నిలబడేవాళ్లు ఇది చూసుకోవాలి. డ్యూయల్ ఛానల్ అయితే రెండు చక్రాలకూ కాపలా ఉంటుంది. హిమాలయన్ లాంటి కొన్ని బళ్లలో వెనక ఏబీఎస్ ఆపేసే స్విచ్ కూడా ఇచ్చారు. మట్టి దిగుడు మీద ఏబీఎస్ పదేపదే బ్రేక్ వదిలేస్తే బండి ఆగకుండా పోతూనే ఉంటుంది, అందుకని. తారు రోడ్డెక్కగానే దాన్ని మళ్లీ ఆన్ చేయాలి.

పాత బుల్లెట్ వేసుకొచ్చే పెద్దాయనలు ఈ దారిలో ఇంకా కనిపిస్తారు. వాటికి గేరు కుడివైపు, బ్రేక్ ఎడమవైపు. వాళ్ల బండి ఎవరైనా సరదాగా అడిగి తీసుకుంటే మాత్రం జాగ్రత్త. కంగారులో కాలు పాత అలవాటునే వెతుక్కుంటుంది, బ్రేక్ అనుకుని గేరు తొక్కేస్తుంది.

వంతెన మీద, గుడి వీధుల్లో

భద్రాచలం పాత గోదావరి వంతెన 1965లో మొదలైంది. వంతెన మీద ఎదురుగాలి కొడుతుంటుంది, నది చూడాలని అందరి తలలూ పక్కకి తిరుగుతాయి, ముందున్న ఆటో ఫొటో కోసం ఆగుతుంది. ఇక ఊళ్లోకి వస్తే యాత్రికులు, కొబ్బరికాయల బండ్లు, ఇరుకు మలుపులు. శ్రీరామనవమి రోజుల్లో అయితే నడిచేవాళ్లదే రోడ్డు.

నడక వేగంలో వెనక బ్రేక్‌కు సాటి లేదు. హ్యాండిల్ తిప్పి మెల్లగా మలుపు తీసుకుంటున్నప్పుడు ముందు బ్రేక్ ముట్టుకుంటే బండి అక్కడే కూలబడుతుంది. వెనక ఇంట్లోవాళ్లు కూర్చుని ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. క్లచ్ సగం వదిలి, కొంచెం రేస్ ఇచ్చి, పాదంతో వెనక బ్రేక్ తేలిగ్గా ఆనించి పెడితే బండి తాడు కట్టినట్టు నిలకడగా తిరుగుతుంది. ఎత్తు మీద ఆగి మళ్లీ కదలాలన్నా అంతే. పాదం బ్రేక్ మీద ఉంటే కుడి చెయ్యి యాక్సిలరేటర్‌కి ఖాళీగా ఉంటుంది.

గోదావరి తగ్గాక ఇక్కడి రోడ్ల సంగతి వేరే. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగుల దగ్గర ఇస్తారు. అలాంటి వరద వెళ్లిపోయాక రోడ్డు మీద మిగిలే ఒండ్రు చూడటానికి ఆరిపోయినట్టుంటుంది. పైన పెచ్చు, కింద సబ్బు. అక్కడ గేరు తగ్గించి, రెండు కాళ్లూ సిద్ధంగా పెట్టుకుని, వెనక బ్రేక్ తోనే గడపాలి.

చింతూరు దాటాక: దిగుడులో వేడి

భద్రాచలం నుంచి చింతూరు మీదుగా మారేడుమిల్లి వైపు పోయే దారి ఇప్పుడు వీకెండ్ రైడర్లకు ఫేవరెట్. శబరి నది దాటాక ఘాట్ మొదలవుతుంది. వెదురు పొదలు, మంచు, పాము మెలికల్లాంటి మలుపులు. అందం ఎంతో, దిగుడు అంత. 2019 అక్టోబరులో భద్రాచలం నుంచి అన్నవరం వెళ్తున్న యాత్రికుల టెంపో ఈ ఘాట్‌లోనే లోయలో పడి పలువురు చనిపోయారు.

దిగుడులో చాలామంది చేసేది ఒకటే: వెనక పెడల్ మీద పాదం పెట్టేసి, కింద దాకా అలాగే రాసుకుంటూ దిగడం. ఇంకొందరు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ చేస్తారు. రెండూ ప్రమాదమే. ఎందుకో చిన్న లెక్క. బండి, ఇద్దరు మనుషులు, సామాను కలిపి 250 కిలోలు అనుకుందాం. 300 మీటర్ల ఎత్తు దిగితే ఆ శక్తి అంతా ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. అది రెండు లీటర్లకు పైగా చల్లటి నీళ్లను మరిగించేంత వేడి. గాలి కొంత తీసుకుంటుంది. మిగతాది ఇంజిన్‌కి పంచకపోతే మొత్తం ఆ చిన్న డ్రమ్‌లోకి, డిస్క్‌లోకి పోతుంది. డ్రమ్ కాలిపోతే షూ పట్టు వదిలేస్తుంది. డిస్క్ బండిలో బ్రేక్ ఆయిల్ పాతదైతే మరిగి బుడగలు కడుతుంది, పెడల్ మెత్తగా కిందకి వెళ్లిపోతుంది. సరిగ్గా అవసరమైన మలుపులోనే.

పాత లారీ డ్రైవర్ల సూత్రం బైక్‌కీ పనికొస్తుంది: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. రెండో గేరులో ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. ఇంజిన్ పట్టు కూడా వెనక చక్రం మీదే పడుతుంది కాబట్టి, దానికి తోడు పెడల్ గట్టిగా తొక్కితే వెనక టైరు ఇంకా త్వరగా జారుతుంది. మలుపు ముందు రెండు బ్రేకులూ వేసి వేగం తగ్గించడం, తర్వాత వదిలేసి చల్లారనివ్వడం. వేసి వదలడం, అంతే. కాలిన వాసన వస్తే ఏదో ఒక వ్యూపాయింట్ దగ్గర ఆగి టీ తాగండి. డ్రమ్ మీద మాత్రం నీళ్లు పోయకండి.

వాగుల దగ్గర ఇంకో చిన్న పని ఉంటుంది. లోలెవల్ వంతెన మీద నీళ్లలోంచి వచ్చాక డ్రమ్ లోపల తడిసి బ్రేక్ పట్టదు. ఇవతలికి వచ్చాక వెనక ఎవరూ లేరని చూసుకుని, మెల్లగా పోతూ పెడల్‌ను తేలిగ్గా ఆనించి కొద్ది దూరం వెళ్తే ఆ రాపిడి వేడికి ఆరుతుంది. పట్టు తిరిగొచ్చిందని తెలిశాకే వేగం పెంచాలి. పొంగుతున్న వాగులో మాత్రం ఏ బ్రేకూ పనికిరాదు. అక్కడ బండి ఆపడమే రైడింగ్.

గ్రౌండ్‌లో ఒక గంట

ఇవన్నీ చదివితే రావు. కంగారులో బుర్ర పనిచేయదు, అలవాటే పనిచేస్తుంది. ఆదివారం పొద్దున ఖాళీ గ్రౌండ్ చూసుకోండి. హెల్మెట్, షూస్ వేసుకుని 20, 30 కిలోమీటర్ల వేగంలో మొదలెట్టండి. ముందు వెనక బ్రేక్ ఒక్కటే, తర్వాత ముందుది ఒక్కటే, తర్వాత రెండూ. ప్రతిసారీ ఆగిన చోట ఒక రాయి పెట్టండి. రాళ్ల మధ్య దూరం చూస్తే ఏ వీడియో చెప్పనంత అర్థమవుతుంది. తర్వాత మట్టి మీద నేరుగా పోతూ వెనక చక్రం ఎక్కడ లాక్ అవుతుందో మెల్లగా వెతకండి. లాక్ అవ్వగానే కాలు వదిలి మళ్లీ ఆనించండి. ఒక్క జాగ్రత్త: తారు మీద బండి తోక బాగా పక్కకి తిరిగిపోయాక పెడల్ ఒక్కసారిగా వదిలితే టైరు పట్టు దొరికి మనల్ని ఎగరేస్తుంది. అంతదూరం రాకముందే, బండి నిటారుగా ఉండగానే వదలడం నేర్చుకోవాలి.

ఇంట్లో అమ్మనో, చెల్లెనో స్కూటీ నడుపుతుంటే వాళ్లనూ తీసుకెళ్లండి. స్కూటీకి వెనక బ్రేక్ ఎడమ చేతిలో ఉంటుంది. "ముందుది పట్టకు" అన్న పాత పాఠం ఎక్కువ నమ్మింది వాళ్లే. రెండూ కలిపి మెత్తగా పట్టడం వాళ్లకు ఒక్క పొద్దున వచ్చేస్తుంది.

ఈసారి భద్రాచలం రోడ్డెక్కే ముందు వెనక టైరు గాడులు, డ్రమ్ బాణం, బ్రేక్ లైట్ ఒకసారి చూసుకోండి. పొడి తారు మీద చేతిని నమ్మండి, మట్టి మీద కాలిని నమ్మండి, ఘాట్‌లో గేరును నమ్మండి. రాముల వారి దర్శనం గంట లేటయినా పర్లేదు.